ఉప్పు రాజ్యానికి తలుపు తీసేదెవరు?

హలో… ఆ, నేనే. మీ అక్కనే. నంబరు మారలేదు, గొంతూ మారలేదు. నువ్వే ఫోన్ చెయ్యడం మానేశావు.

…

పోల్చకపోవడమేంటి? నువ్వు నోరు తెరవకముందే పోల్చాను. ముందు దగ్గావుగా. ఆ దగ్గు ఇంకెవరికి వస్తుంది?

…

బాగానే ఉన్నాం. మీ బావకి కంటి ఆపరేషన్ అయింది. … పోయిన వారం. … నీకెవరు చెప్తారు? పేపర్లో వెయ్యడానికి ఆయనేమైనా రచయితా?

ఉండు ఒక్క నిమిషం. … ఏమండీ! ఆ కట్టు మీద చెయ్యి తియ్యండి. దురదైతే ఓర్చుకోండి. … ఎవరో ఫోన్లో. మీరు పడుకోండి.

ఆ, చెప్పు. ఆరేళ్ళకి అక్క గుర్తొచ్చిందంటే ఎక్కడో నీళ్ళు పీకల్దాకా వచ్చే ఉంటాయి.

…

నీ పదో భాగమా?

… …

నవ్వలేదు. గొంతులో ఏదో అడ్డంపడింది. … సరే, నవ్వాను. ఏం చేస్తావు?

…

ఎవరన్నారు, మీ పబ్లిషరా? … శుక్రవారంలోగా ముగింపు చెప్పకపోతే? … ఇంకొకరితో రాయిస్తాడా! అదెలా రాయిస్తాడు, కథ నీదైతే? … ఓ. సంతకం పెట్టావా. … చదవకుండానే? తొమ్మిది భాగాలు రాసినవాడివి, రెండు కాగితాలు చదవలేకపోయావా?

…

ఎవరితో రాయిస్తాట్ట? … ఆ డిటెక్టివ్ నవలలావిడా! వారం మొదట్లో ఒకణ్ణి చంపి, వారం చివర్లో చంపినవాణ్ణి పట్టించేస్తుందే, ఆవిడేగా? … అయితే మంచిదే. ఆవిడకి ముగించడం వచ్చు.

…

అరవకు. అరిస్తే మళ్ళీ దగ్గొస్తుంది. … చూశావా.

…

చదివానా అంటావేంటి? అన్నీ చదివాను. మీ బావకి పైకి చదివి వినిపించాను, తొమ్మిది భాగాలూ. ఆయనకి నువ్వంటే అభిమానం. … నాకా? నాకు అలవాటు.

…

నిజం చెప్పమంటావా? … ఏడవకూడదు మరి. చిన్నప్పుడూ ఇలాగే, 'కొట్టు, ఏడవను' అనేవాడివి.

…

నీ ఉప్పు రాజ్యం మూడో భాగం దాకా గుర్రంలా పరిగెత్తింది. అక్కణ్ణుంచి గానుగెద్దయింది. నడక ఆగలేదు, దారి సాగలేదు.

…

అయితే నువ్వే చెప్పు. ఏడో భాగంలో నీ రాకుమారుడు ఏం చేశాడు? … ఓడెక్కాడు. ఆ తర్వాత? … … ఆరువందల పేజీలు ఓడెక్కాడురా వాడు! మీ బావ వింటూ వింటూ నిద్రపోయి, లేచి, "దిగాడా?" అన్నారు. లేదండీ అన్నాను. మళ్ళీ పడుకున్నారు.

…

లోతా? ఏం లోతు? దారిలో సత్రం వస్తే, ఆ సత్రం యజమాని వచ్చాడు. సరే, రానీ. వాడికో తాత ఎందుకు? ఆ తాతకో కత్తి, ఆ కత్తికో శాపం, ఆ శాపం పెట్టిన ముసలిదానికి మళ్ళీ ఇద్దరు కొడుకులు. దాహమని గుక్కెడు నీళ్ళడిగితే, బావి తవ్వినవాడి వంశచరిత్ర చెప్పావు. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకనపెట్టుకున్నవాణ్ణి గురించి విన్నాను. ఊళ్ళో పిల్లులన్నిటినీ పట్టుకెళ్ళినవాణ్ణి నిన్నే చూశాను.

…

పెద్ద లోకమైతే కావచ్చు. దేవుడు నీకంటే పెద్ద లోకమే చేశాడు. చేసినప్పుడే లయం సంగతి కూడా ఆలోచించి పెట్టుకున్నాడు. నువ్వు పుట్టించడం ఒక్కటే నేర్చుకున్నావు.

… …

ఇంకా చెప్పనా? … ఆ సేనాపతిని ఎందుకు లేపావు? … పాఠకులు ఉత్తరాలు రాస్తే? వాళ్ళు ఏడుస్తారు, రాస్తారు. ఏడిపించడానికేగా చంపావు! అయిదో భాగంలో వాడు పోయినప్పుడు మీ బావ రెండు రోజులు ముద్ద సరిగ్గా మింగలేదు. ఆరో భాగంలో నవ్వుతూ నడిచొచ్చాడు. ఎనిమిదో భాగంలో ఆ చిన్నరాణి పోయింది చూడు, చదవలేక నేనే పుస్తకం మూసేశాను. ఆయన మాత్రం "వస్తుందిలే" అని గోడవైపు తిరిగి పడుకున్నారు. … అదీ నువ్వు చేసిన ఘనకార్యం. చావుకి ఉన్న మర్యాద కూడా పోగొట్టావు.

…

అవును, అదీ విన్నాను. ఎవరో పిల్ల తర్వాతి భాగంలో ఇలా జరుగుతుందని ముందే ఊహించి రాసిందని, కథ దారే మార్చేశావట కదా. … ఊహించిందంటే శ్రద్ధగా చదివిందనేగా! చుట్టం వీధి మలుపులో కనిపించాడని, ఇంటికి తాళం వేసి పారిపోయినవాణ్ణి ఏమంటారు?

…

కాదు. బద్ధకం కాదు నీది. బద్ధకస్తుడు అన్ని పేజీలు రాయడు. భయం. … ఆ, భయమే. "ముగింపు ఏంటండీ" అని అడిగేవాళ్ళు ఉన్నంతకాలమే నిన్ను వేదిక మీదకి పిలుస్తారు. చెప్పేశాక ఎవరు పిలుస్తారు? అయిపోయిన కథకి మళ్ళీ కుర్చీ ఎవరు వేస్తారు?

… … …

ఉన్నావా?

…

ముక్కు తుడుచుకుని మాట్లాడు. … అదేంటి, వానా అక్కడ? చప్పుడు వినిపిస్తోంది. … ఇక్కడా పడుతోంది. పొద్దుట్నుంచీ ముసురే.

సరే, నా చేత తిట్టించుకోవడానికి చెయ్యలేదుగా నువ్వు. అసలు సంగతేంటో చెప్పు.

…

గట్టిగా. వానలో వినపడట్లేదు.

…

ఇంకోసారి. … లేదు, ఈసారి వినపడింది. అయినా ఇంకోసారి చెప్పు.

… …

"ఆ కథ చివర ఏమవుతుందక్కా." … అబ్బ. ఈ మాట అనడానికి ఆరేళ్ళు పట్టిందిరా నీకు.

…

నన్నెందుకు అడుగుతావు? నాకేం తెలుసు? కథ నీకు కలలో వచ్చిందిగా!

…

నువ్వే అన్నావు. మూడో భాగం విడుదలైనప్పుడు, ఆ పెద్ద హాల్లో. నన్నూ మీ బావనీ మూడో వరసలో కూర్చోబెట్టావు. ఎవరో అమ్మాయి లేచి, ఈ ఉప్పు రాజ్యం ఎక్కడ పుట్టిందండీ అని అడిగింది. కలలో కనిపించిందన్నావు. కోట కనిపించింది, తలుపు కనిపించింది అన్నావు. … నేను లేచి, "కల కాదమ్మా, వీడు నిద్రపోకపోతే నేను చెప్పేదాన్ని" అన్నాను. నవ్వుతూనే అన్నాను. హాలంతా చప్పట్లు. నువ్వూ కొట్టావు. కానీ నీ చెవులు ఎర్రబడ్డాయి. నీకు కోపమొస్తే ముందు చెవులే చెప్తాయి, చిన్నప్పట్నుంచీ అంతే.

…

పరువు తీశానా. ఒక్క మాటకి పోయే పరువైతే, అది నీ ఒంటి మీద ఎప్పుడూ సరిగ్గా నిలవలేదన్నమాట.

…

సరే, నేనన్నది తప్పే అనుకో. దానికి నువ్వేం చేశావు? … నాలుగో భాగంలో ఏం చేశావు?

… …

మర్చిపోయావా? నిజంగానా? … నేను గుర్తుచేస్తా. దీపాలావిడ. కోట గుమ్మం దగ్గర సాయంత్రం దీపం పెట్టే ముసలమ్మ. రాకుమారుణ్ణి చంటిపిల్లాడప్పుడు ఎత్తుకు పెంచింది. నవ్వితే ఒక కన్ను మూసుకుపోతుంది. … ఎవరి కన్నురా అది? అద్దంలో రోజూ చూసుకుంటాను నేను దాన్ని.

…

"దీపాలావిడ మెట్ల మీద జారిపడి చనిపోయింది." అంతే. ఒక్క వాక్యం. తర్వాతి వాక్యంలో గుర్రాలకి మేత వేశారు.

…

నేను మీ బావకి చదువుతున్నాను అప్పుడు. చదివి, ఆగలేదు. ఆయన "అదేంటే, ఆవిడ అచ్చం నీలాగే…" అంటున్నారు. ఆ గుర్రాల మేత సంగతి గట్టిగా చదివేశాను.

…

కాదా? నన్ను కాదా? … సరే, కాదనుకుందాం. చంపితే చంపావు, నీ పుస్తకం నీ ఇష్టం. మర్నాడు సాయంత్రం ఆ గుమ్మంలో దీపం ఎవరు పెట్టారని ఆ రాజ్యంలో ఒక్కడైనా అడిగాడా? రాజు అడిగాడా? నువ్వు అడిగావా?

… …

క్షమించు, క్షమించు… ఎన్నిసార్లంటావు? బజార్లో కాలు తొక్కినవాడు కూడా అంటాడు ఆ మాట.

…

నీకు ముగింపు ఎందుకు తెలియదో తెలుసా? నువ్వెప్పుడూ కథ చివరిదాకా మేలుకుని లేవు. అమ్మ మిల్లులో రెండో షిఫ్టుకి పోయేది. ఉప్పు బస్తాల కొట్టు వెనక గది మనది. గోడలు చెమ్మ, పరుపు చెమ్మ, నీకేమో ఎప్పుడూ దగ్గు. అమ్మ వచ్చేదాకా నీకు కథ. రాకుమారుడు ఇంటికి తిరిగొచ్చి కోట తలుపు ముందు నిలబడేసరికి, నా చెయ్యి పట్టుకున్న నీ వేళ్ళు వదులయ్యేవి. మర్నాడు మళ్ళీ మొదట్నుంచి చెప్పమనేవాడివి. … ప్రతిసారీ అంతే. మిగతాది నేను గోడకి చెప్పుకునేదాన్ని.

…

అడగొచ్చుగా మరి, మొదటి భాగం రాసే ముందే! … ఆ, తోస్తుందనుకున్నావు. రాస్తూ పోతే అదే తోస్తుందనుకున్నావు.

… …

చెప్తాను. … లేదు, ఆట పట్టించడం కాదు, చెప్తాను. విను.

మొదటి భాగంలో శాపం పెట్టావు చూడు, తిరిగొచ్చేసరికి రాకుమారుడి మొహం ఎవరికీ గుర్తుండదని. అది నాదే, బాగానే పెట్టావు. … ఆ. వాడు తిరిగొచ్చాడు. తలుపు తట్టాడు. ఎవరు నువ్వు అన్నారు కాపలావాళ్ళు. ముద్రటుంగరం చూపించాడు. దొంగిలించావన్నారు. తండ్రి మేడ మీద నుంచి వంగి చూశాడు. ఎవరో బిచ్చగాడు, పంపించెయ్యమన్నాడు. పొద్దు వాలింది. వాన మొదలైంది. అప్పుడు దీపాలావిడ వచ్చింది, గుమ్మంలో దీపం పెట్టడానికి. ఆవిడకి చూపు సరిగ్గా ఆనదు. వాడి మొహం అసలు చూడనే లేదు. వాడు చలికి దగ్గాడు.

… …

ఆ దగ్గు విని ఆవిడ, "వచ్చావా నాయనా? తడుస్తున్నావు, లోపలికి రా" అంది. తలుపు తీసింది.

…

అంతే.

…

అంతేరా. యుద్ధం లేదు, మంత్రం లేదు. గుర్తుపట్టే మనిషి ఒకరు తలుపు తీస్తారు. అదే కథ.

… … …

ఏడవనన్నావు.

…

ఇప్పుడు తెలిసిందా, నీ రాకుమారుడు నాలుగో భాగం తర్వాత ఎందుకు అలా తిరుగుతున్నాడో? ఇంటికొస్తే తలుపు తీసేవాళ్ళు లేరు. ఆ సంగతి నీకు తెలియదు, వాడికి తెలుసు. అందుకే ఓడ దిగలేదు పాపం. నువ్వు కొత్త రాజ్యాలు కట్టావు, కొత్త సముద్రాలు తవ్వావు. వాడికి కావలసింది ఒక గుమ్మం, ఒక ముసలిది.

…

నాకా? ఆ వాక్యం చదివిన రోజే తెలుసు. ఇక వీడి కథ తెమలదు అనుకున్నాను.

…

ఎందుకు చెప్పాలి? అడిగావా?

… …

నిజం చెప్పేస్తాను. బాగుండేదిరా. కొత్త భాగం రాగానే మొదటి రోజే తెప్పించేదాన్ని. ఇప్పుడెటు పోయి పడతాడో చూద్దామని. నువ్వు దారి తప్పిన ప్రతిసారీ నాకు కడుపు నిండినట్టుండేది. దణ్ణం పెట్టుకునేటప్పుడు దేవుణ్ణి అడిగాను కూడా, తోడబుట్టినవాడి మీద ఇంత కోపం ఎందుకు పెట్టావయ్యా నాలో అని. ఏమీ చెప్పలేదు. ఆయనకీ నన్ను ఎలా ముగించాలో తోచలేదేమో. … తప్పు, తప్పు. నోరు జారింది.

…

ఏంటి? ఆవిణ్ణి లేపుతావా? … జారిపడింది గానీ చావలేదని రాస్తావా! … ఒక్క వాక్యమే కదా, ఎవరికి గుర్తుంటుంది అంటావా? … రాయి. నిక్షేపంగా రాయి. ఆ సేనాపతి పక్కన పీట వేసి కూర్చోబెట్టు. మీ బావ "వస్తుందని చెప్పానుగా" అని అటు తిరిగి పడుకుంటారు.

…

కూతురా? దీపాలావిడకి కూతురుందని రాస్తావా? … ఆ కూతురు తలుపు తీస్తుందా? … కూతురికి వాడి దగ్గు ఎలా తెలుస్తుందిరా? నీకింకా అర్థం కాలేదు.

…

నా అనుమతా? నా అనుమతి దేనికి? రాసుకో. ఎవరైనా అడిగితే కలలో వచ్చిందని చెప్పు.

… …

ఏంటా అరుపు? … ఎక్కడి కుక్క?

…

ఆగు. కాసేపు మాట్లాడకు.

… …

మా కింది కుంటికుక్క అరుస్తోంది. నీ ఫోన్లోనూ అదే అరుస్తోంది. … ఒరేయ్. ఎక్కడున్నావు నువ్వు?

…

గేటు దగ్గరా! … ఎప్పట్నుంచి? … నేను హలో అన్నప్పట్నుంచీనా?

…

ఉండు, కిటికీ దగ్గరికొస్తున్నా. … ఆ. కనిపిస్తున్నావు. గొడుగైనా తెచ్చుకోకూడదూ? జుట్టంతా పోయిందేంట్రా. పుస్తకాల వెనక ఫొటోల్లో ఆ టోపీ ఇందుకా?

…

ఇటు కాదు, పైకి చూడు. మూడో అంతస్తు. … ఆ, నేనే. చెయ్యి ఊపకు, చూశాను.

…

కాపలా మనిషి రాలేదు ఇవాళ. గేటు పైనుంచే తియ్యాలి. ఇక్కడ గోడకి తెల్ల మీట ఉంది. నొక్కితే తెరుచుకుంటుంది. నా మోచేతి పక్కనే ఉంది.

… …

దగ్గకు. … కావాలని దగ్గుతున్నావా, నిజంగా వస్తోందా? … నిజందే. ఆ చివర్లో ఈల వేసినట్టు వస్తుందిగా, అది నటించడం నీ వల్ల కాదు.

…

ఎవర్ని తియ్యమంటున్నావు?

…

లేదురా. నువ్వు పిలిచే మనిషి ఇక్కడ లేదు. నాలుగో భాగంలో మెట్ల మీద జారిపడి చచ్చిపోయింది. ఒక్క వాక్యం.

… … …

పిలువు. ఎంతసేపు పిలుస్తావో పిలువు. ఆ కుక్క కూడా ఎక్కువసేపు అరవలేదు, దానికీ ఓపిక లేదు. … వెళ్ళు. వెళ్ళి గుర్రాలకి మేత వెయ్యి.

…

వస్తున్నానండీ! మందు చుక్కల వేళయిందని తెలుసు, వస్తున్నా. … కుక్కా? గేటు దగ్గర ఎవరో నిలబడ్డారు, అందుకు. … లేదండీ, మనవాళ్ళు కాదు. … ఆ, ఫోన్ చేసింది కూడా ఆ మనిషే. తలుపు తియ్యమంటున్నాడు.

…

ఏమోనండీ. చాలాసేపు విన్నాను. పోల్చుకోలేకపోయాను.

పెట్టేస్తున్నా.